జపాను కత్తికి బందరు పిడి

ఫ్రీమాంట్,
మార్చి 14, 2009

అక్కా,

నమస్కారం. ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు "ఆఁ... ఆఁ..." అని పెట్టేస్తున్నావు. శ్యామ్‌ని అడిగితే, "అమ్మకి మీ మాట సగం వినపడదు మామయ్యా, వినపడ్డ సగం ఇంగ్లీషట" అన్నాడు. అందుకని నువ్వు కోరినట్టే కాగితం పట్టుకున్నాను. తెలుగులో ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. చేతిరాత చూసి నవ్వకు.

విషయం నాన్న కత్తి గురించి. అమ్మ పోయాక బందరు నుంచి నేను తెచ్చుకున్న జపాను కత్తి ఇన్నాళ్ళూ గరాజ్‌లో, అమ్మ పాత చీర చుట్టినట్టే ఉండిపోయింది. మొన్న సర్దుతుంటే బయటపడింది. ఇక్కడ శాన్ హోసేలో ఇలాంటి పాత కత్తులంటే పడిచచ్చేవాళ్ళ క్లబ్ ఒకటుంది. పట్టుకెళ్ళాను. మొరీటా అని ఒక పెద్దాయన, లెక్కల టీచరుగా రిటైరయ్యాడట, చాలాసేపు చూసి అలుగు, అంటే కోసే ఉక్కు భాగం, బాగా పాతదన్నాడు. రెండు వందల ఏళ్ళు ఉండొచ్చట. ఆ మాటకే నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు.

కానీ ఒక ముక్క లేదు. ఈ కత్తులు మన కత్తుల్లా ఒకే వస్తువు కావు, విడి భాగాలు. అలుగు, దాని మొదట్లో రాగి పట్టీ, తర్వాత చేతికి అడ్డుగా ఒక గుండ్రటి బిళ్ళ, దాని కింద పిడి. బిళ్ళని వాళ్ళు త్సూబా అంటారు. అలుగు చివరి కాడ పిడిలోకి దూరుతుంది. పిడికీ కాడకీ ఒక్కో చిల్లు ఉంటుంది, రెండూ కలిసేచోట వెదురు చీల కొడితే కత్తి మొత్తం ఒకటవుతుంది. మన కత్తికి ఆ బిళ్ళా లేదు, చీలా లేదు. బిళ్ళ లేకుండా పిడి ఎక్కిస్తే చిల్లులు కలవడం లేదు. నువ్వెప్పుడైనా చూశావా?

నవంబరులో క్లబ్ వాళ్ళ ప్రదర్శన ఉంది. ప్రతి కత్తి పక్కనా కార్డు పెడతారు. మన కార్డు ఇప్పటికే మనసులో రాసేసుకున్నాను. "మలయాలో లొంగిపోయిన జపాను ఆఫీసరు, భారత సైనికుడు వీరభద్రం గారి చేతికి స్వయంగా అందించిన కత్తి" అని. నాన్న గురించి నా దగ్గర ఉన్నదల్లా ఈ కత్తీ, ఆ కథే కదా. నలుగురికీ చెప్పుకోవాలనుంది.

లలిత నిన్ను అడిగానని చెప్పమంది. ఇక్కడ లేఆఫ్‌ల గోల ఉన్నా నా ఉద్యోగానికి ఇప్పటికి ఢోకా లేదు.

నీ తమ్ముడు,
ఫణి


అల్ఫారెట్టా,
మార్చి 27, 2009

ఒరేయ్ ఫణీ,

నీ ఉత్తరం చేతికందింది. పోస్టుడబ్బాలో బిల్లులూ కూపన్లూ తప్ప నా పేరుతో ఏదైనా రావడం ఇదే మొదలు. విజయశ్రీ కవరు తెచ్చి, "అత్తయ్యా, మీకే!" అని గోలగోల చేసింది. నీ రాత ఏమీ మారలేదు. ఇప్పటికీ అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటున్నాయి.

ఇక్కడ పుప్పొడి కాలం వచ్చిపడింది. పైన్ చెట్ల నుంచి రాలి కార్లూ కిటికీలూ మెట్లూ అన్నీ పచ్చగా పసుపు చల్లినట్టున్నాయి. నేను పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే శ్యామ్ వచ్చి "అమ్మా, దానికి బ్లోయర్ ఉంది" అంటాడు. బ్లోయరుతో ఊదితే పక్కింటికి పోతుంది, ఊడిస్తే చెత్తబుట్టలోకి పోతుంది అంటే వినడు. తుమ్ములతో సగం పూట గడిచిపోతోంది. నడకకి వచ్చే మా జట్టులో కనకదుర్గ గారని ఒకావిడ, గుంటూరు వాళ్ళు, మూతికి గుడ్డ కట్టుకుని మరీ వస్తోంది. మాటలు మాత్రం గుడ్డలోంచి కూడా ఆగవు.

కత్తి సంగతికొస్తే, అలాంటి బిళ్ళ ఏదీ నేను చూళ్ళేదు. అమ్మ పెట్టెలో పట్టుచీర, నాన్న కళ్ళజోడు, పూజ సామాను తప్ప ఇంకేం లేవు. కళ్ళజోడు చిన్నక్క తీసుకుంది, సామాను నేను తెచ్చుకున్నాను, కత్తి నీకొచ్చింది.

ప్రదర్శనలూ కార్డులూ ఎందుకురా? ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉంది, ఇంట్లోనే ఉండనీ. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి చూసి ఏమనాలి? ఆ కథ అందరికీ చెప్పాల్సిన పనిలేదు. వద్దన్నానని కోప్పడకు. నా మాట విను.

లలిత మోకాలు నొప్పి ఎలా ఉంది? వాము కషాయం మానొద్దని చెప్పు.

అక్క


ఫ్రీమాంట్,
ఏప్రిల్ 19, 2009

అక్కా,

ఉత్తరం అందింది. నిజం చెప్పాలంటే చదివి కొంచెం మనసు కష్టపెట్టుకున్నాను. బిళ్ళ చూడలేదన్న మాట ఒక్క ముక్కలో తేల్చేసి, ప్రదర్శన వద్దని అర పేజీ రాశావు. లలిత కూడా చదివి, "మీ అక్క ఏదో దాస్తున్నట్టుంది" అంది. అది నా మాట కాదు. కానీ నేను కాదనలేకపోయాను.

నీకొక నవ్వొచ్చే సంగతి చెప్తాను. మొరీటా పిడి తీసి లోపలి కాడ చూసి అదిరిపోయాడు. అక్కడ నల్లటి తుప్పు ఉండాలట. ఆ తుప్పు రంగు చూసే కత్తి వయసు చెబుతారు, అందుకని తరతరాలుగా దాన్ని ఎవరూ తాకరు. మన కాడ మాత్రం కొత్త గరిటెలా తళతళలాడుతోంది! చేసినవాడి పేరు చెక్కి ఉండాల్సినచోట ఒక అక్షరం చివర మాత్రం మిగిలింది. "ఎవరు చేశారీ పని?" అని ఆయన అడుగుతుంటే నాకు దసరా గుర్తొచ్చింది. అమ్మ ఆయుధపూజకి ముందురోజు కత్తిని చింతపండు పెట్టి తోమి, బూడిదతో రుద్ది, బొట్టు పెట్టేది కదా. ఏటేటా! మా అమ్మ దేవుడికి పెట్టడానికి శుభ్రం చేసిందని చెప్పాను. ఆయన నెత్తి పట్టుకున్నాడు.

అందుకే మిగతా భాగాలు మరీ ముఖ్యమయ్యాయి. బిళ్ళ దొరికితే దాన్ని బట్టి ఏమైనా చెప్పొచ్చట. ఉండాల్సిన కొలత ఇది: అరచేతి వెడల్పు, గుండ్రం, మధ్యలో కాడ దూరేంత నిలువు చీలిక, మందం చిటికెన వేలి గోరంత. పిడిలో చిల్లుకీ కాడలో చిల్లుకీ ఇప్పుడు సరిగ్గా అంతే తేడా ఉంది. నేను చాప్‌స్టిక్ విరిచి చీల చేసి కొట్టబోతే మొరీటా కోప్పడ్డాడు. ఎండిన గట్టి వెదురే కావాలట.

అక్కా, ఆ బిళ్ళ నీ దగ్గరుంటే, నీకది కావాలనుంటే, సూటిగా చెప్పు. కత్తి మొత్తం నీకే పంపిస్తాను. నాన్న వస్తువు నా ఒక్కడిదే అని నేనెప్పుడూ అనుకోలేదు. దాచుకోవడం మాత్రం వద్దు.

ఫణి


అల్ఫారెట్టా,
మే 3, 2009

ఫణీ,

నన్ను దొంగని చేశావు. బాగుంది. చీమిడి తుడిచి, చంకనేసుకుని తిప్పిన చేతులకి మంచి మర్యాదే దక్కింది. ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండి, అన్నం సగంలోనే వదిలేసి లేచాను. విజయశ్రీ పాపం కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని భయపడింది.

ఆ కోపంతోనే పూజ గది శుభ్రం చేయడం మొదలుపెట్టాను. నాకు కోపం వస్తే గిన్నెలు తోముతానని నీకు తెలుసు. అమ్మ దీపం కింద పెట్టే ఇత్తడి పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను. దానికి ముప్పై నలభై ఏళ్ళ నూనె జిడ్డు. దాని మధ్యలో ఎప్పుడూ ఒక నల్లటి గీత ఉండేది. పగిలితే అమ్మ లక్కతో అతికించిందనుకునేదాన్ని. అరచేతి వెడల్పు అని నువ్వు రాసిన మాట గుర్తొచ్చి అరచెయ్యి ఆనించి చూశాను. వేడినీళ్ళలో వేసి, జడపిన్నుతో లక్క గీకాను. లోపల చీలిక! చక్కగా, రెండు వైపులా ఆకురాయితో రాసి నున్నగా చేసిన చీలిక.

అమ్మ ఈ బిళ్ళ కత్తి నుంచి ఊడదీసి, నూనె కారకుండా లక్క పూసి, దాని మీద దీపం పెట్టుకుంది. నాన్న పోయిన ఏడాది నువ్వు ఆ కత్తిని గదిలో ఈడ్చుకుంటూ తిరిగావు. ఐదేళ్ళవాడివి, కాలు తెగలేదు, అదే పదివేలు. ఆ రోజే అమ్మ చీల కొట్టి ఊడదీయించింది. పిడీ అలుగూ విడివిడిగా చీరలో చుట్టింది. బిళ్ళ ఏమైందో నేనప్పుడు అడగలేదు, పదహారేళ్ళ దాన్ని, నా ఏడుపు నాకుంది.

కాబట్టి నీ బిళ్ళ నా దగ్గరే ఉందిరా, నాకు తెలియకుండా. ఇన్నాళ్ళూ దాని మీద దీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. ఈ ఉత్తరంతోబాటే పంపిస్తున్నాను. శ్యామ్ దుప్పటి ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టాడు. ఇప్పుడు దీపం కింద స్టీలు మూత పెట్టుకున్నాను. ఏదోలా ఉంది.

దొరికింది కదా, ఇక అమర్చుకో. ప్రదర్శన గురించి మాత్రం నా మాట అదే.

అక్క


ఫ్రీమాంట్,
జూన్ 7, 2009

అక్కా,

ముందు నన్ను క్షమించు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. లలిత కూడా చెంపలేసుకుంది. లెంపలు వాయించడానికి నువ్వు దగ్గర లేవు కాబట్టి బతికిపోయాం.

బిళ్ళ కూర్చుంది! రాగి పట్టీ కిందికి జారి సరిగ్గా ఆగిపోయింది. గాలి దూరే సందు కూడా లేదు. దాని కింద పిడి ఎక్కించి చూస్తే చిల్లులు రెండూ కలిశాయి, అవతలి వెలుతురు కనిపించింది. గరాజ్‌లో ఒక్కణ్ణే అరిచాను.

కానీ మొరీటా సంతోషపడలేదు. భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, "మరీ బాగా సరిపోయింది" అన్నాడు. పాత బిళ్ళలు ఎన్నో కత్తులు మారి వస్తాయట, చీలికలో రాగి ముక్కలు, సుత్తి దెబ్బలు ఉంటాయట. ఇది ఈ ఒక్క కత్తి కోసమే చేసింది. పైగా దీని మీద ఉన్న ఎనిమిది రేకులు జపాను వాళ్ళు చెక్కే చామంతి కాదట, ఏదో తామర పువ్వట. జపాను పని కాదు పొమ్మన్నాడు.

తర్వాత పిడి మీది తాడు జాగ్రత్తగా విప్పాం. విప్పకముందు ఫోటో తీశాను, ఇందులో పెడుతున్నాను. వాళ్ళ పద్ధతిలో తాడు కడితే మధ్యలో డైమండ్ ఆకారంలో ఖాళీలు కనపడాలి, వాటి కింద గరుకుగా ఉండే ఒక సముద్రపు చేప చర్మం ఉండాలి. ఇక్కడ చర్మం బదులు పలచటి జల్లెడ గుడ్డ ఉంది. కర్ర కూడా మరీ తెల్లగా, దూదిలా తేలిగ్గా ఉంది, గోరు పెడితే దిగుతోంది. పట్టు కోసం తాడు కింద రెండు పక్కలా చిన్న లోహపు బొమ్మలు పెడతారు. మన పిడిలో అక్కడ రెండు చిల్లు నాణేలు ఉన్నాయి. పాత జపాను నాణేలకి మధ్యలో చిల్లు ఉంటుంది కదా, అవే అయ్యుంటాయి. జిడ్డు పట్టి అక్షరాలు తెలియడం లేదు.

మొత్తానికి తేలిందేమిటంటే, నాన్నని ఎవరో మోసం చేశారు. ఓడలోనో బ్యారక్స్‌లోనో అసలు బిళ్ళా పిడీ కాజేసి, ఈ నాసిరకం సరుకు తగిలించారు. నాన్న మంచివాడు, గమనించి ఉండడు. మొరీటా తన దగ్గరున్న నిజమైన పాత బిళ్ళా, పిడీ ఇస్తానన్నాడు. నవంబరుకి కత్తి దాని అసలు వేషంలో నిలబడుతుంది. ఈ పాత పిడి ఎలాగూ చెత్తే, పారేస్తాను. బిళ్ళ నీకు తిప్పి పంపిస్తాను, దీపానికి పనికొస్తుంది.

ఫణి


అల్ఫారెట్టా,
జూన్ 13, 2009

ఫణీ,

పారెయ్యకు. ఇది చదివేసరికే పారేసి ఉంటే చెత్తబుట్టలో వెతుకు. ఆ తాడు, గుడ్డ, నాణేలు, కర్ర, దేన్నీ పారెయ్యకు. శ్యామ్ చేత ఫోన్ చేయిస్తున్నాను, అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు.

నీ ఫోటో చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆ తాడు కట్టిన తీరు నాకు తెలుసురా. ప్రతి చుట్టుకీ ఒకసారి తిరగేసి మడిచి, మడతలన్నీ ఒకే గీతలో వచ్చేట్టు కట్టాడు. దెబ్బ తగిలిన కాలికి కట్టు అలాగే కడతారు. పిక్క లావు, చీలమండ సన్నం కదా, మడవకపోతే జారిపోతుంది. నేను తొక్కుడుబిళ్ళ ఆడి మోకాలు పగలగొట్టుకున్న ప్రతిసారీ నాన్న నా కాలికి ఆ కట్టే కట్టేవాడు. బందరులో ఆయన దగ్గర కట్టు కట్టించుకున్నవాళ్ళని అడిగినా చెబుతారు.

ఆ జల్లెడ గుడ్డ ఆసుపత్రి గాజుగుడ్డ. తాడు వలల వాళ్ళ దగ్గర కొన్నది. కర్ర కొండపల్లిది. బొమ్మలు చేసే తెల్ల పొణికి. నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళప్పుడు నాన్న బెజవాడ వెళ్ళి వస్తూ ఆ కర్ర దుంగ తెచ్చాడు. నాకు బొమ్మ చేస్తాడనుకుని పక్కనే కూర్చునేదాన్ని. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, లోపల గాడి తొలిచి, అలుగు దూర్చి చూసి, మళ్ళీ తొలిచేవాడు. నాకు బొమ్మేదని అడిగితే, "ముందు దీనికి చెయ్యనీ, దీనికి వంటి మీద ఏమీ లేదు" అనేవాడు. బిళ్ళ ఊళ్ళో ఇత్తడి పోత వాళ్ళ చేత పోయించుకొచ్చి, రేకులు తనే చెక్కాడు. నేను అప్పుడు చూసింది పచ్చగా మెరిసే బిళ్ళని. జిడ్డుపట్టిన పళ్ళెం అదేనని నా బుర్రకి తట్టలేదు. ఆ నాణేలు జపానువి కావు. మన చిల్లు కానీలు. చింతపండు పెట్టి తోమి చూడు, కిరీటం బొమ్మ కనపడుతుంది.

నాన్నని ఎవరూ మోసం చేయలేదు. ఆయన తెచ్చుకున్నదే ఒట్టి అలుగు.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్నాళ్ళూ దీన్నే తప్పించుకు తిరిగాను. బిళ్ళ చూళ్ళేదని మొదట రాసింది కూడా అందుకే. ఆఫీసరు ఎవరూ నాన్న చేతికి కత్తి ఇవ్వలేదు. ఆయన సైనికుడు కాదు, మిలటరీ ఆసుపత్రిలో కాంపౌండరు. తుపాకీ పట్టినవాడు కాదు. నాకు ఆయన చెప్పింది ఇంతే: యుద్ధం అయిపోయాక రేవులో లొంగిపోయిన కత్తులు కట్టెల్లా గుట్ట పోశారట. బాగున్న బిళ్ళలూ పిడులూ జనం ఊడబెరుక్కుని పోగా, మిగిలిన అలుగుల్ని సముద్రంలో పారేస్తున్నారట. ఈయన అడిగి ఒకటి తెచ్చుకున్నాడు. "ఎందుకు నాన్నా?" అంటే, "చేసినవాడు ఎన్నాళ్ళు కష్టపడ్డాడో పాపం, నీళ్ళపాలు చేయడానికి చేతులెలా వస్తాయి" అన్నాడు.

ఆఫీసరు కథ అమ్మది. నువ్వు ఒకటో క్లాసులో ఉండగా ఎవడో నిన్ను తండ్రి లేనివాడని అంటే ఏడుస్తూ ఇంటికొచ్చావు. ఆ రాత్రి నిన్ను ఒళ్ళో వేసుకుని అమ్మ ఆ కథ అల్లింది. "మీ నాన్నకి జపాను దొరే తలవంచి కత్తి ఇచ్చాడురా" అంది. నువ్వు ఏడుపు మానేశావు. మర్నాడు ఛాతీ విరుచుకుని బడికి వెళ్ళావు. ఆ తర్వాత ఎవరికి నోరొస్తుంది కాదనడానికి? కార్డు మీద రాసి ప్రపంచానికి చూపిస్తానంటే భయమేసింది. ఎవరో తెలిసినవాడు నీ మొహం మీద కాదంటాడని భయం. నేనే చెబితే నీ దగ్గర మిగిలింది కూడా లాగేసుకున్నట్టవుతుందని భయం.

కోపం వస్తే తిట్టు. రాయడం మాత్రం మానకు.

అక్క


ఫ్రీమాంట్,
సెప్టెంబర్ 20, 2009

అక్కా,

రాయడం మానాను. వేసవంతా కాగితం ముట్టుకోలేదు. శ్యామ్ ఫోన్ చేసినప్పుడల్లా "మామయ్య బాగానే ఉన్నాడు" అని లలిత చేత చెప్పించాను. బాగా లేను.

కోపం వచ్చింది. నీ మీద, అమ్మ మీద, చివరికి ఏ పాపం ఎరుగని నాన్న మీద కూడా. ఆ కథ ఎంతమందికి చెప్పానో తెలుసా? కాలేజీలో హాస్టల్ అంతటికీ చెప్పాను. లలితకి పెళ్ళిచూపుల్లో చెప్పాను. అది విని నన్ను ఒప్పుకుందని ఇన్నాళ్ళూ నమ్మాను. మొన్న అడిగితే, "కథ కాదు, చెప్పేటప్పుడు మీ మొహం బాగుంది" అంది.

పిడి పారెయ్యలేదు. శ్యామ్ ఫోన్ వచ్చేసరికి చెత్త బండి ఇంకా రాలేదు. నాణేలు తోమాను. కిరీటం ఉంది, ఇండియా అని ఉంది. గరాజ్‌లో స్టూలు మీద కూర్చుని వాటిని చూస్తూ ఎంతసేపు ఉండిపోయానో.

మొరీటాకి ఉన్నదున్నట్టు చెప్పాను. వింటాడని అనుకోలేదు, కత్తులంటే తప్ప మనుషులంటే ఆయనకి అంత ఆసక్తి ఉండదు. అంతా విని, ఆ పిడిని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, లోపలి గాడిలోకి టార్చి వేసి చూశాడు. "మీ నాన్న అంతకుముందు ఎప్పుడూ ఇలాంటిది విప్పి చూడలేదు. ఒట్టి కాడని చూసి, దానికి ఏం కావాలో అంతా తనంతట తానే కనిపెట్టాడు" అన్నాడు. తన పాత బిళ్ళ ఇస్తానన్న మాట వెనక్కి తీసుకున్నాడు.

ఆయనే ఒక దారి చెప్పాడు. పాత అలుగుని ఏ అలంకారం లేని తెల్ల కర్ర పిడిలో, ఒరలో విశ్రాంతిగా ఉంచుతారట. దాని అసలు సామగ్రిని పారెయ్యకుండా, అదే కొలతకి చెక్కిన కర్ర అలుగుకి తొడిగి పక్కన పెడతారట. వాళ్ళలో ఇది మామూలేనట. అప్పుడు ఒకటి రెండవుతుంది, దేనికీ నష్టం లేదు. మొరీటా రెండూ చేసి ఇచ్చాడు. ప్రదర్శనలో రెండూ పెడతాను. కార్డు మార్చాను. "అలుగు: చేసినవారు తెలియదు. బిళ్ళ, పిడి: వీరభద్రం, కాంపౌండరు, బందరు."

ఆ తర్వాత పంచుకుందాం. నువ్వు పెద్దదానివి, విలువైనది నీకే చెందాలి. అసలు కత్తి నువ్వు తీసుకో. కర్ర కత్తి నేను ఉంచుకుంటాను.

ఫణి


అల్ఫారెట్టా,
అక్టోబర్ 2, 2009

ఫణీ,

నీ రాత కవరు మీద చూడగానే అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. ఇక నీ నుంచి ఉత్తరం రాదనుకున్నాను. కనకదుర్గ గారు "ఏమైందండీ" అని పరిగెత్తుకొచ్చింది. ఏమీ కాలేదు, మా తమ్ముడు తిట్టాడని చెప్పాను. అంత సంతోషంగా చెబితే ఆవిడకి అర్థం కాలేదు.

మొన్నటి వానలకి ఇక్కడ వాగులన్నీ పొంగి రోడ్లు మూసేశారు. మన ఇంటికేమీ కాలేదు. దసరాకి ఏ ఆయుధమూ లేక శ్యామ్ కారుకీ, విజయశ్రీ లాప్‌టాప్‌కీ బొట్టు పెట్టాం. లాప్‌టాప్‌ని చింతపండు పెట్టి తోమలేదులే, కంగారుపడకు.

ఎంత తెలివిరా నీది! విలువైనది పెద్దక్కకి ఇచ్చేసి త్యాగమూర్తిలా నిలబడి, కర్రది నొక్కేద్దామనే! నాకు కత్తెందుకు? నా చేతిలో కూరగాయలు తరిగే కత్తిని చూస్తేనే నా కోడలు "జాగ్రత్త అత్తయ్యా" అంటుంది. అసలు కత్తి నువ్వే పెట్టుకో, క్లబ్బులో నలుగురిలో గొప్పగా ఉంటుంది. కర్రది నాకు పంపించు. బిళ్ళ నా దగ్గరుండింది, ఇచ్చింది నేను. ఆ కర్ర తొలుస్తుంటే పొట్టు ఎత్తిపోసింది నేను. నాకు బొమ్మ చేస్తానని చెయ్యకుండా ఆ పిడే చేశాడు. కాబట్టి అది నా బొమ్మ.

కత్తి నీకు, నాన్న నాకు. ఇంక వాదించకు.

అక్క


ఫ్రీమాంట్,
అక్టోబర్ 11, 2009

అక్కా,

ఈ ఒక్కసారికి నీ మాట కాదంటున్నాను. ఇవ్వలేను.

నీకు నాన్న పదహారేళ్ళు దొరికాడు. మోకాలికి కట్టు కట్టాడు, పక్కన కూర్చోబెట్టుకున్నాడు, అడిగినదానికి జవాబు చెప్పాడు. నాకు ఐదేళ్ళు. ఆయన మొహం కూడా నాకు గుర్తున్నది కాదు, ఫోటోలోది. నా ఈడువాళ్ళందరికీ వాళ్ళ నాన్నలు సైకిలు నేర్పారు, కాలవలో ఈత నేర్పారు, చివరికి గడ్డం గీసుకోవడం నేర్పారు. నాకు ఆయన ఏమీ నేర్పకుండానే పోయాడు. అమ్మ కథే నాకు నాన్న. అది పోయింది. పోనీ, దానికి నాకిప్పుడు బాధ లేదు. కానీ ఆ పిడి లోపల వేలు పెడితే ఉలి గాట్లు తగులుతాయి. ఒకచోట ఉలి జారి పక్కకి గీసుకుపోయింది. ఆ గీత మీద వేలు పెట్టి ఉంచుతాను. అది అమ్మ చెప్పింది కాదు, నువ్వు చెప్పింది కాదు. నాకు నేనుగా దొరికింది.

అసలు కత్తి నువ్వు తీసుకోకపోతే నా దగ్గరే ఉంటుంది, ఎవరికీ ఇవ్వను. కర్రది మాత్రం నాకు వదిలెయ్యి అక్కా. ఇంతవరకూ నిన్నేదీ అడగలేదు.

ఒక్కటే లోటు. తాడు విప్పామే గానీ మళ్ళీ కట్టలేకపోయాం. మొరీటా తన పద్ధతిలో కడతానన్నాడు, నేను వద్దన్నాను. ఫోటో చూసి నేనే ప్రయత్నించాను. మూడో చుట్టుకే జారిపోతోంది. ప్రదర్శనలో పిడి అలా ఒట్టి కర్రతోనే పెట్టేస్తాను.

ఫణి


అల్ఫారెట్టా,
అక్టోబర్ 17, 2009

నాన్నా ఫణీ,

ఉంచుకో. నీదే.

నీ ఉత్తరం చదివాక ఈ రెండు మాటలు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. నువ్వు అడిగావని కాదు ఇస్తున్నది. పదహారేళ్ళూ ఐదేళ్ళూ అన్న లెక్క నేను ఎన్నడూ వేసుకోలేదు. పిల్లవాడివి, నీకు తెలియదులే, నీకు బాధ లేదులే అనుకుంటూ ఇంత వయసు తెచ్చుకున్నాం.

ఒట్టి కర్రతో పెట్టొద్దు. ప్రదర్శనకి వారం ముందుకి నాకు శాన్ హోసేకి టికెట్ బుక్ చెయ్యమని శ్యామ్‌తో చెప్పాను. విమానంలో ఒక్కదాన్నే ఎలా అని వాడి గోల వాడిది. చెవులు వినపడకపోతేనేం, కళ్ళున్నాయి, గేటు నంబరు చదువుకోగలను. తాడు నీళ్ళలో నానబెట్టకు, ఎండలో పెట్టకు. గాజుగుడ్డ చిరిగిపోయి ఉంటే కొత్తది కొని ఉంచు.

మూడో చుట్టుకి జారిపోతోందంటే మడత దగ్గర బొటనవేలు తీసేస్తున్నావన్నమాట. తీయకూడదు. నాన్న నా చేత మంచం కోడుకి కట్టించి, జారినప్పుడల్లా విప్పించి, మళ్ళీ కట్టించేవాడు. కాంపౌండరు కూతురికి కట్టు రాకపోతే నామోషీ అనేవాడు. అది ఇప్పటికీ నా చేతుల్లో ఉంది.

ఆయన నీకేమీ నేర్పకుండా పోయాడని రాశావు. ఇది నేర్పుతాను. నేను కట్టి ఇవ్వను, నువ్వే కట్టాలి.

అక్క